గంజి దిగని బట్ట

జూన్ 12, గురువారం

నూలు కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలుగా టీవీ వెనకాల పడి ఉంది. ఇప్పటికి దానికో పని తగిలింది. పాప రోజుకు ఎన్నిసార్లు పాలు తాగిందీ, ఎన్ని గుడ్డలు తడిపిందీ రాసిపెట్టుకోమని తిరుపతి ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పి పంపింది. పాప పుట్టి ఈ రోజుకు పది రోజులు. పుట్టినప్పుడు రెండు కేజీల ఎనిమిది వందలు.

కోడలు జయంతికి ఆరేళ్లప్పుడే తల్లి పోయింది. అందుకని పురుడు నగరిలో మా ఇంట్లోనే. ఆ పిల్లకు అత్తనూ నేనే, అమ్మనూ నేనే.

ఈ రోజు పదిసార్లు తాగింది. ఏడు గుడ్డలు.

జూన్ 13

పదకొండుసార్లు. ఎనిమిది గుడ్డలు. ఆకలి విషయంలో తాత పోలికే. తాత అంటే మా ఆయన, దొరస్వామి. ఈ పేరు నేను ఎన్నడూ నోటితో పలకలేదు. డైరీ ఎవరు చూస్తారు, రాస్తే తప్పేముంది. దొరస్వామి. దొరస్వామి.

జూన్ 14, శనివారం

మా అబ్బాయి మునిశేఖర్ పేరు మీద పార్సిల్ వచ్చింది. వాడు కంపెనీ షిఫ్టులో ఉన్నాడు గనుక నేనే విప్పాను. జయంతి తెప్పించుకున్నవట. పాలిచ్చే తల్లులు తొడుక్కునే నైటీలు రెండు. మెడకు తగిలించుకుని బిడ్డను కప్పుకునే ముసుగు ఒకటి. పాలు కారి బట్ట తడవకుండా లోపల పెట్టుకునే గుండ్రటి మెత్తలు ఒక డబ్బా. నైటీకి రెండు పక్కలా కుట్టు మడతలో జిప్పులున్నాయి, దూరం నుంచి చూస్తే ఉన్నట్టే తెలియదు. ముసుగు మెడ దగ్గర మాత్రం ఒక వైరు పెట్టి విల్లులా నిలబెట్టారు. అదెందుకో అర్థం కాలేదు. అతి తెలివి.

నాకు కోపం రాలేదు. ఊరికే అడిగాను. నగరిలో సగం మంది ఆడవాళ్ల రవికెలు ముప్పై నాలుగేళ్లుగా నేనే కుడుతున్నాను. అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు కుట్టిన బట్ట ఎందుకు తెప్పించావని అడిగాను. జయంతి తల వంచుకుంది.

"మగ్గాలకాడికి మనుషులు వస్తా పోతా ఉంటారు గదత్తా. కొంగు కప్పుకుంటే జారిపోతా ఉండాది. అందుకని..." అంది.

అదీ నిజమే. మాది నాలుగు పవర్‌లూమ్‌ల ఇల్లు. ముందు మగ్గాల షెడ్డు, వెనక నీళ్ల కుళాయి, మధ్యలో ఈ హాలు. దాహం వేసినవాడల్లా హాల్లో నుంచే పోవాలి.

తిరిగి పంపించెయ్, నేనే కుట్టి ఇస్తానన్నాను. సరే అంది. ఆ పిల్ల దేనికైనా సరే అంటుంది.

జూన్ 16, సోమవారం

రెండు రోజులు మిషను మీద నుంచి లేవలేదు. నాలుగు నైటీలు, ఒక ముసుగు, ఎనిమిది మెత్తలు. అన్నీ మా మగ్గం మీద దిగిన బట్టే, మడత కూడా విప్పనిది. మెత్తలకు నాలుగు పొరలు వేసి, కదలకుండా అడ్డంగా నిలువుగా దగ్గర దగ్గరగా కుట్టు వేశాను. నా కుట్టు ఊడిందన్న మాట ఈ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

రవికె లైనింగు తడిపి, ఆరేసి, ఆ తరువాతే కత్తిరించాలని నాకెవరూ చెప్పనక్కర్లేదు. కానీ సొంత మగ్గం బట్టకు మా ఇంట్లో పద్ధతి వేరు. మూలకు పసుపు పెట్టాలి, దేవుడి ముందు ఉంచాలి, అలాగే తొడుక్కోవాలి. ఒంటి మీదికి రాకముందే నీళ్లలో ముంచితే బట్టకు కళ పోతుందని మా అత్త అనేది. గంజితో గరగరలాడితేనే అది కొత్త బట్ట.

జయంతి తొడుక్కుని అద్దంలో చూసుకుని ఏడ్చింది. బాగుందా అంటే తలూపింది. సంతోషమేమో.

పదిసార్లు. ఏడు గుడ్డలు.

జూన్ 20

తొమ్మిది. ఆరు.

జూన్ 22, ఆదివారం

ఇరవై ఒకటో రోజు. ఉయ్యాలలో వేశాం. పక్కింటి తిరుమలమ్మ ఉయ్యాలలోకి మెత్తటి పాత నూలు చీర ఒకటి తెమ్మంది. మా ఇంట్లో లేదన్నాను. నేతగాళ్ల ఇంట్లో పాత చీర లేకపోవడమేమిటని నవ్వి, తన చీరే తెచ్చి పరిచింది.

అబద్ధమేమీ కాదు. పెట్టెలో ఉన్నదాన్ని పాత చీర అనరు.

జూన్ 25

ఏడుసార్లు. అయిదు గుడ్డలు.

జయంతి ఇప్పుడు హాల్లో కూర్చోవడం మానేసింది. నూలు బేళ్లు పెట్టే వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. గాలి ఆడని గది. కనపడకుండా కూర్చునేలా నేను అంత కష్టపడి కుట్టిచ్చాక ఇంకా దాక్కోవడం ఎందుకో. లోపల పాప ఒకటే ఏడుపు. అయిదు నిమిషాలకే బయటికి వస్తుంది. తాగిందా అంటే తాగిందత్తా అంటుంది.

తిరుమలమ్మ దిష్టి అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. ఘాటు వచ్చి అందరం దగ్గాం. ఘాటు వస్తే దిష్టి లేనట్టు. మరి ఏమిటి?

జూన్ 28

ఆరు. నాలుగు. పాలు పడాలని వెల్లుల్లి కారం, మునగాకు, పాలసొరచేప పులుసు, అన్నీ పెడుతున్నాను. తినమంటే తింటుంది. నాతో మాట్లాడేటప్పుడు రెండు చేతులూ ఛాతీకి కొంచెం దూరంగా పెట్టుకుంటుంది, తడి బట్టలు మోసేవాళ్లలాగా. ఇదెక్కడి అలవాటో.

జూలై 4, శుక్రవారం

హెల్త్ సెంటరులో తూకం వేశారు. రెండు కేజీల తొమ్మిది వందల యాభై. ముప్పై రెండు రోజులకు నూట యాభై గ్రాములు. తూకం వేసిన అమ్మాయి రెండుసార్లు వేసింది. మిషను తప్పేమో అన్నట్టు నా వైపు చూసింది.

మునిశేఖర్ తిరుపతి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఎక్కువసార్లు పట్టించండి, పదిహేనో తారీకు తీసుకురండి, అప్పటికీ బరువు పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెట్టక తప్పదు, మధ్యలో పాప సోలిపోయినట్టుంటే ఆగకుండా వచ్చెయ్యండి, అని చెప్పిందట. సోలిపోయినట్టుంటే అంటే ఎలా ఉంటుందో నాకు చెప్పనక్కర్లేదు.

ట్రైనుకే పోవాలి. నాకు బస్సు పడదు, వాంతులవుతాయి.

జూలై 5

డబ్బా వచ్చేసింది. పదిహేను దాకా ఆగలేదు. జయంతి చెబితే మునిశేఖర్ సంచిలో దాచి తెచ్చాడు. వంటింట్లో పప్పు డబ్బాల వెనక నాకు దొరికింది.

అడిగాను. గట్టిగానే అడిగాను. జయంతి ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకు ఒళ్లు మండుతుంది. చివరికి అనేశాను. "తల్లిని ఎరగని పిల్లవి, తల్లితనమంటే ఏందో నీకెట్టా తెలుస్తాది."

మగ్గాలు ఆడుతున్నాయి గనుక షెడ్డులో ఎవరికీ వినపడి ఉండదు. జయంతికి వినపడింది.

జూలై 6, ఆదివారం

నేనన్నదాంట్లో తప్పేముంది. పిల్ల మంచికే అన్నాను.

ఆరు. నాలుగు. డబ్బా విప్పలేదు. మూత మీద సీలు అలాగే ఉంది, చూశాను.

నేనన్నదాంట్లో తప్పుంది.

జూలై 7, సోమవారం

జయంతి స్నానానికి పోయినప్పుడు వెనక గదిలో బేళ్ల సందున ఒక కవరు కనపడింది. లోపల నేను కుట్టిన మెత్తలు. ఎనిమిదింటిలో అయిదు. దేని మీద చూసినా మధ్యలో రూపాయంత గోధుమరంగు మరక. రెండింటి మీద ఇంకా ఎర్రగానే ఉంది. ఉతికి ఉతికి పోక, నా కంట పడకుండా దాచిపెట్టుకుంది.

రక్తం మరకను పసుపు మరక అనుకోవడానికి నేను చాలాసేపు ప్రయత్నించాను.

జూలై 8, మంగళవారం

పొద్దున్నే అదే బట్టతో ఇంకో మెత్త కుట్టి నా రవికె లోపల పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. యాభై రెండేళ్ల మనిషిని, నాకు పాలూ లేవు, పసిబిడ్డా లేదు, ఒళ్లు మొద్దుబారిన చర్మం. చూద్దాం ఏమవుతుందో అనుకున్నాను. ఎనిమిదింటికి కొంచెం గుచ్చుకుంది. పదింటికి చెమట పట్టి గంజి తడిసి మళ్లీ ఆరి అట్టలా అయింది. మిషను తొక్కేటప్పుడు చెయ్యి కదిలినప్పుడల్లా నా కుట్టు వరుసలన్నీ ఒరుసుకుంటూ పోయాయి. ఒక్కటీ ఊడలేదు. ఊడితే బాగుండేది. పన్నెండింటికి తీసి చూసుకుంటే చర్మం ఎర్రగా కమిలి ఉంది.

ఆ పిల్ల దీన్ని మూడు వారాలు పెట్టుకుంది. పచ్చి బాలింత. దాని మీద రోజుకు పదిసార్లు బిడ్డ నోరు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నా గురించే చెప్పి ఉంటారు.

జయంతి దగ్గరికి పోయి, చూపించమన్నాను. మొదట వద్దంది. తరువాత చూపించింది. రెండు చనుమొనలూ చిట్లి ఉన్నాయి. ఒకదాని మీద చెక్కు కట్టి మళ్లీ పగిలింది. బిడ్డ పట్టుకోగానే ప్రాణం పోయేంత నొప్పి వస్తుందట, అందుకని అయిదు నిమిషాలకే లాగేసుకునేదట. ఏడుపు బయటికి వినపడకూడదని వెనక గది. అదీ సంగతి.

ఎందుకు చెప్పలేదని అడిగాను. తెప్పించుకున్నవి బాగానే ఉండేవి కదా, తిరిగి పంపనని నాతో అనేసి ఉంటే పోయేది కదా అన్నాను. పాప గుడ్డ సర్దుతూ చెప్పింది.

"నాకు చిన్నప్పట్నించీ అన్నీ అంగట్లో కొన్నవే అత్తా. నాకోసరం కొలత జూసి ఒకరు కూర్చోని కుట్టింది ఇదే మొదలు. గుచ్చుకుంటా ఉండాదని ఎట్టా చెప్పేది?"

నేను లేచి వంటింట్లోకి పోయాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడం రాని పిల్లను మూడు వారాలు చూస్తూ కూర్చున్నాను, గుడ్డలు లెక్కపెట్టుకుంటూ.

తిరిగొచ్చి, శనివారం అన్న మాట తప్పని చెప్పాను. నా జన్మలో కోడలి దగ్గర ఆ మాట అంటాననుకోలేదు. "పోనీలే అత్తా," అంది. పోనిచ్చే మాట కాదది.

జూలై 9, బుధవారం

నర్సమ్మకు ఫోన్ చేశాం. తాగించాక సొంత పాలచుక్కే రాసి గాలికి ఆరనివ్వమంది. పాప నోరు బాగా తెరిచాకే దగ్గరికి తీసుకోమంది. లోపల మెత్తటి పాత నూలుగుడ్డ తప్ప ఏదీ తగలకూడదంది.

మెత్తటి పాత నూలుగుడ్డ.

మధ్యాహ్నం పెట్టె తీశాను. ఇక రాయక తప్పదు.

ఈ చీర నా మొదటి కాన్పుది. పచ్చ అంచు, లేత నీలం. అప్పటికే ఉతికి ఉతికి వెన్నలా అయిన చీర. సగం చింపి పిల్లవాడికి గుడ్డలు చేశాను. మిగతా సగం ఇది. మునిశేఖర్ పుట్టినప్పుడు కూడా బయటికి తీయలేదు.

ఆ మొదటివాడికి నలభై రోజులు. తొంభై నాలుగు, మే నెల. ఒళ్లు కాలిపోతుంటే తిరుపతికి తీసుకుపోదామని బస్సెక్కాం. తిరుత్తణి నుంచి వచ్చే బస్సు, కిటకిటలాడుతోంది. నాకు సీటు దొరికింది. పక్కన మా మామ. చుట్టూ మగవాళ్లు. మా ఆయన వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నేను కట్టుకున్నది పెళ్లికి పెట్టిన పలచటి సిల్కు చీర, కొంగు కప్పుకున్నా ఒకటే కప్పుకోకపోయినా ఒకటే. వాడు రవికె మీద నోరు పెట్టి వెతుకుతూనే ఉన్నాడు. నగరి నుంచి వెతుకుతూనే ఉన్నాడు. నేను హుక్కు మీద చెయ్యి పెట్టాను, తీశాను. పెట్టాను, తీశాను. మామ పక్కనుంటే ఎలా? "పుత్తూరు దాటినాం, ఇంగ గంటే," అని మా ఆయన వెనక నుంచి చెప్పాడు. అప్పుడే వాడి ఏడుపు ఆగింది. నిద్రపోయాడనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను. అవును, హమ్మయ్య అనుకున్నాను.

ప్రాణం పోయింది పాలు పట్టనందుకు కాదు, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది, ముందురోజే తెచ్చి ఉండాల్సింది అని డాక్టరు చెప్పాడు. ఆ మాట నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లుగా తెలుసు. వాడు వెతికింది కూడా తెలుసు.

నాకు బస్సులో వాంతులు కావు. ఎప్పుడూ కాలేదు. ట్రైను కూడా పుత్తూరు మీదుగానే పోతుంది, కానీ ట్రైనులో ఆ సీట్లు ఉండవు.

కత్తెర పట్టుకుని గంట కూర్చున్నాను. తరువాత కత్తిరించాను. రెండు పొరలు, అంచుకు ఒక్క కుట్టు, చేతి కుట్టు. మధ్యలో దారం తగలకుండా. పన్నెండు మెత్తలు వచ్చాయి. నేను కుట్టిన నాలుగు నైటీలనూ పెద్ద గిన్నెలో వేసి రెండుసార్లు ఉడకబెట్టి, రాయి మీద బాది గంజి దించాను. నీళ్లు పాలలా తెల్లగా దిగాయి. మిగిలిన చీర ముక్కతో జిప్పుల లోపలి వైపు పట్టీ వేశాను.

కొత్త ముసుగు కూడా చీర ముక్కతోనే. మెడ దగ్గర వైరు ఎందుకో ఇప్పుడు తెలిసింది. తల వంచితే తల్లికి బిడ్డ మొహం కనపడుతుంది, బయటివాళ్లకు కనపడదు. అది కనిపెట్టినవాళ్లను అతి తెలివి అన్నాను. నూలు బేళ్లకు చుట్టి వచ్చే ప్లాస్టిక్ పట్టీ ఒక జానెడు కోసి మెడలోకి దూర్చాను. విల్లులా నిలబడింది.

జూలై 10

తడిగుడ్డలు అయిదు. తాగింది ఏడుసార్లు. తల్లి పాలే గిన్నెలోకి పిండి, గిన్నెతో రెండుసార్లు.

జూలై 11

ఎనిమిది. ఆరు. చెక్కు మానుతోంది. ముసుగు వేసుకుని హాల్లోనే కూర్చుని పాలిచ్చింది. షెడ్డులోంచి ఒకడు నీళ్లకు వచ్చి, పాప నిద్రపోయిందా అక్కా అని అడిగి పోయాడు. జయంతీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

జూలై 13

పది. ఎనిమిది. గిన్నె అక్కర్లేకపోయింది. డబ్బా సీలు విప్పకుండానే వెనక్కి ఇచ్చేయమన్నాను. జయంతి ఉంచుదాం అత్తా అంది. అవసరమైతే ఉంటుందట, పెట్టినా తప్పు లేదట. మొదటిసారి నాకు సరే అనలేదు. నేనే సరే అన్నాను.

జూలై 15, మంగళవారం

బరువు ముందు రాస్తాను. మూడు కేజీల రెండు వందల ఎనభై. డాక్టరమ్మ పాప కాలు పట్టుకుని ఊపి, బాగుంది, ఇలాగే పట్టండి, డబ్బా అక్కర్లేదు అంది.

ఇప్పుడు పొద్దుటి సంగతి. స్టేషనుకు పోతే ట్రైను రెండు గంటలు లేటు. ఆలస్యమైతే డాక్టరమ్మ వెళ్లిపోతుంది. మా ఆయన నా వైపు చూశాడు. ఆయన కూడా ఇన్నేళ్లుగా వాంతుల సంగతి నమ్మినట్టే ఉన్నాడు. పదండి బస్సుకే పోదాం అన్నాను.

ముగ్గురు కూర్చునే సీటు. కిటికీ పక్కన జయంతి, మధ్యలో నేను, ఈ చివర ఆయన. బస్సు నిండా తిరుపతికి పోయే జనం, సీట్ల మధ్య కూడా నిలబడ్డారు. నగరి దాటగానే పాప నోరు తిప్పడం మొదలుపెట్టింది. నేను జిప్పు పెట్టి కుట్టిచ్చిన రవికె మీద వెతకడం. నా చెయ్యి దానంతటదే నా హుక్కు మీదికి పోయింది. జయంతి మెడకు ముసుగు తగిలించుకుంది, జిప్పు లాగింది, అంతే. ఏ శబ్దమూ లేదు. పట్టీ వంగిన చోటు నుంచి కిందికి చూసుకుని నవ్వుకుంటోంది. పక్కనున్న నాకు మాత్రం గుటకలు వినపడుతున్నాయి. ఇంజను మోతలో కూడా వినపడుతున్నాయి.

జయంతి ముసుగు అంచు వేళ్ల మధ్య నలుపుతూ, ఈ పచ్చ అంచు ఎవరి చీరదత్తా, ఇంత మెత్తగా ఉంది అని అడిగింది.

"బాలచంద్రది," అన్నాను.

ఎవరని అడగలేదు. మునిశేఖర్ చెప్పి ఉంటాడు. నా మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. అటు పక్కన ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. నా నోట ఆ పేరు ఆయన విని ముప్పై ఒక్క ఏళ్లు.

తరువాత ఆయన వంగి, "పాప పాలకు ఏడుస్తాదేమో గదా. ఏం జేస్తారు ఇంత జనంలో?" అని మెల్లగా అడిగాడు. అదే సీటులో ఉండి కూడా పాప తాగుతున్నట్టు తెలుసుకోలేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

బస్సు ఆగింది, కొందరు దిగారు, కొందరు ఎక్కారు. మళ్లీ కదిలింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

"పుత్తూరు దాటినాం," అన్నాడు.

"ఊఁ," అన్నాను. "పాప ఇంకా తాగతానే ఉండాది."